ఎన్ని అంగుళాల గొట్టం?

అమెరికాలో ఏళ్ళ తరబడి వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. ఏట్లో బంగారం వెతికే సరదా ఉన్నవాడు మొదటిసారి యంత్రం కొనాలంటే ఎన్ని అంగుళాల గొట్టం ఉన్నది కొనాలి? రెండా, రెండున్నరా, నాలుగా? అమ్మేవాళ్ళ దగ్గరా, ఆ పనిలో ఆరితేరిన వాళ్ళ దగ్గరా దీనికి మంచి జవాబులే ఉన్నాయి. ఆ వీడియోలు ఇప్పుడు మన గూడేలకూ వచ్చాయి. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి మన పిల్లలూ చూస్తున్నారు. నీళ్ళ అడుగునుంచి పచ్చటి రేణువులు పైకొస్తుంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? 'సార్, మన వాగులో పెడితే రాదా?' అని అడిగే పిల్లలకు పంతుళ్ళం జవాబు చెప్పాలి. కసురుకుంటే అది జవాబు కాదు.

అందుకే ముందు యంత్రం గురించి చెబుతాం. ఆ తర్వాత, అంగుళాల లెక్కకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని, ఆ ప్రశ్న అడిగి గెలిచిన ఆదివాసులు ఆ అమెరికాలోనే ఉన్నారని చెబుతాం. వాళ్ళ కథ మన బళ్ళల్లో ఎందుకు చెప్పాలో కూడా చెబుతాం.

యంత్రం సంగతి

దీన్ని సక్షన్ డ్రెడ్జ్ అంటారు. నీటి మీద తేలే చట్రం, దానిపైన చిన్న పెట్రోలు ఇంజను, ఒక పంపు. పంపు ఏటి నీళ్ళనే తోడి, సన్నని నోటిలోంచి వేగంగా పెద్ద గొట్టంలోకి చిమ్ముతుంది. ఆ వేగానికి గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అడుగున ఉన్న ఇసుక, గులకరాళ్ళు నీళ్ళతో సహా లోపలికి గుంజుకుపోతాయి. పదో తరగతి సైన్సు చదివిన పిల్లలకు ఇది అర్థమవుతుంది. పైకొచ్చిన సరుకు అడ్డపట్టీలు బిగించిన వాలు పెట్టె మీదుగా పారుతుంది. నీటికన్నా బంగారం 19 రెట్లు బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్లు పైచిలుకు. బంగారం పట్టీల వెనక ఆగిపోతుంది, మిగతాది పెట్టె చివరనుంచి మళ్ళీ ఏట్లోనే పడుతుంది. లోతుగా ఉన్నచోట మనిషి గాలి గొట్టం నోట పెట్టుకుని నీళ్ళలో పడుకుని, గొట్టం మూతి పట్టుకుని అడుగును నాకిస్తాడు. రాతిపొర తగిలేదాకా ఇసుక తీసి, ఆ రాతి నెర్రెల్లో ఇరుక్కున్న బరువు రేణువుల్ని లాగుతాడు.

కొనేవాడు చూసుకునేవి నాలుగైదు. రెండంగుళాలదో రెండున్నరదో అయితే ఒక్కడే వీపున మోసుకుపోవచ్చు, రెండు మూడు హార్స్ పవర్ ఇంజను చాలు, పెట్రోలు తక్కువ తాగుతుంది. కానీ పైన ఇసుక మందంగా ఉన్నచోట దానితో రోజంతా చేసినా రాతిపొర అందదు. నాలుగంగుళాలది మోయడానికి ఇద్దరు కావాలి, ఇంజను పెద్దది కావాలి, పని మాత్రం ఎన్నో రెట్లు. రాళ్ళు గొట్టంలో ఇరుక్కుంటే సగం రోజు వాటిని కొట్టి తీయడానికే పోతుంది. అందుకని గొట్టం కన్నా మూతి కాస్త సన్నగా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్ళు ఇచ్చే సలహా ఒక్కటే: నువ్వు మోయగలిగినంతలో పెద్దది కొనుక్కో.

ఆ సలహాలో ఒక లెక్క దాగుంది. టీచర్లు నల్లబల్ల మీద వేసి చూపించండి. గొట్టం నోటి వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. రెండంగుళాల దానికన్నా నాలుగంగుళాలది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఆరంగుళాలది తొమ్మిది రెట్లు. అంగుళం అంగుళం అని నోటితో అనుకుంటూ పోతే చిన్న తేడాలా వినిపిస్తుంది. ఏటి అడుగుకు అది వర్గాల లెక్క.

పని దొరికిందనో, ఆకలి తీరుతుందనో కొనే యంత్రం కాదిది. సరదా అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. సెలవుల్లో వస్తారు, గుడారం వేస్తారు, వేసవంతా తోడతారు, వెళ్ళిపోతారు. వాళ్ళలో ఎక్కువమంది దుర్మార్గులేం కాదు. రిటైరైన వాళ్ళు, చిన్న ఊళ్ళ కష్టజీవులు, ఏటి ఒడ్డున నాలుగు రోజులు హాయిగా గడపాలనుకునే వాళ్ళు. వాళ్ళను తిట్టడానికి మేము ఇది రాయడం లేదు. ఒకరి సరదా, ఇంకొకరి అన్నం, మరొకరి దేవుడు ఒకే ఏటి అడుగున ఉన్నప్పుడు ఎవరి మాట చెల్లాలన్నదే తగాదా.

ఆ ఏరు ఎవరిది

క్లామత్ నది ఓరెగాన్ రాష్ట్రంలో పుట్టి, ఉత్తర కాలిఫోర్నియా కొండల్లోంచి పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. ఎగువన కరుక్‌లు, దిగువన యురోక్‌లు, ఉపనది ఒడ్డున హూపాలు. కరుక్ అంటే వాళ్ళ భాషలో ఎగువ. యురోక్ అన్న పేరు కూడా కరుక్ మాటనుంచి వచ్చిందే, దిగువ అని అర్థం. ఏరును బట్టి మనుషులకు పేర్లొచ్చాయి తప్ప మనుషుల్ని బట్టి ఏటికి హద్దులు రాలేదు. ఇషీ పిషీ జలపాతం దగ్గర కరుక్‌లు ఈనాటికీ పొడుగాటి కర్రలకు కట్టిన వలలతో సాల్మన్ చేపల్ని పడతారు. ఏటా లోకాన్ని మళ్ళీ సరిచేసే పండుగ చేస్తారు. విత్తనాల పండుగ, కొత్తల పండుగ చేసే మనకు ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో అమెరికన్ నది ఒడ్డున బంగారం కనబడింది. ఆ తర్వాత జరిగిన దాన్ని వాళ్ళ పాఠ్యపుస్తకాలు చాలాకాలం సాహసగాథలా చెప్పాయి. అప్పటికి ఆ రాష్ట్రంలో ఆదివాసులు సుమారు 1,50,000 మంది ఉన్నారని అంచనా. 1870 నాటికి మిగిలినవాళ్ళు 30,000 మంది. రోగాలు, ఆకలి, తుపాకులు. ఆదివాసుల్ని వేటాడిన దళాలకు రాష్ట్ర ఖజానాయే డబ్బు చెల్లించింది. క్లామత్ ఒడ్డున కరుక్ ఊళ్ళు కాలిపోయాయి. 1851, 1852లలో ఆదివాసులతో కుదుర్చుకున్న 18 ఒప్పందాలను అమెరికా సెనేట్ ఆమోదించకుండా పక్కన పడేసి, ఆ కాగితాల్ని 1905 దాకా బయటికి రానివ్వలేదు. కరుక్‌ల అడవిలో పెద్ద భాగం ఇవాళ అక్కడి అటవీశాఖ చేతిలో ఉంది. తాతలనాటి నేలలో తిరగడానికి ఫారెస్టోళ్ళ అనుమతి కావాలంటే ఎలా ఉంటుందో పోడు చేసుకునే మన కుటుంబాలకు తెలుసు. రాష్ట్ర గవర్నరు క్షమాపణ చెప్పింది 2019లో.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1850లనుంచి అక్కడ పెద్ద పెద్ద నీటి తుపాకులతో కొండల్ని కరిగించి బంగారం తీశారు. ఆ బురద దిగువ పొలాల మీద పడింది. రైతులు కోర్టుకెళ్ళారు. 1884లో న్యాయమూర్తి సాయర్ ఆ బురదను నదుల్లోకి వదలొద్దని తీర్పిచ్చాడు. అంటే, బంగారం తీసేవాడి హక్కుకు కూడా దిగువనున్నవాడి బతుకు హద్దు అవుతుందని ఆ దేశపు కోర్టే అప్పుడే ఒప్పుకుంది. పొలమున్న తెల్లరైతుకు ఆ న్యాయం దొరకడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. చేప తప్ప వేరే పొలం లేని కరుక్‌లకు ఇంకో నూట పాతికేళ్ళు పట్టింది.

గొట్టం కింద ఏముంది

సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన ఏటికే ఎదురీదుతూ వస్తుంది. అడుగున గులకరాళ్ళను తోకతో తవ్వి, గుంటచేసి గుడ్లు పెట్టి కప్పుతుంది. రాళ్ళ సందుల్లోంచి చల్లటి నీరు పారుతుంటేనే ఆ గుడ్లకు ఊపిరి. సన్నటి ఒండ్రు వచ్చి సందులు మూసుకుంటే లోపలే చస్తాయి. లాంప్రే అని పాములాంటి జీవి ఇంకొకటి ఉంది, కరుక్‌లకు అదీ ముఖ్యమైన తిండే. దాని పిల్లలు కళ్ళు కూడా రాకముందునుంచి ఏళ్ళకేళ్ళు ఏటి అడుగు ఒండ్రులోనే దాక్కుని పెరుగుతాయి. డ్రెడ్జ్ నడిపేవాడికి అడుగంటే బంగారాన్ని కప్పిన చెత్త. చేపకు అడుగంటే పురిటిగది.

గోదావరి ఒడ్డువాళ్ళకు ఈ ఎదురీత కొత్త కాదు. సముద్రంలో ఇలస, గోదారెక్కితే పులస. వరద నీటిలో గుడ్లు పెట్టడానికే అదీ పైకొస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత. బంగారం అమ్మి చేప తినమన్నారు మన తెలుగువాళ్ళు. చేపను చంపి బంగారం ఏరుకోమని ఏ సామెతా చెప్పలేదు.

ఇక పాదరసం. ఆనాటి గనులవాళ్ళు బంగారాన్ని పట్టుకోవడానికి పాదరసం పోశారు. ఏళ్ళ తరబడి అలా పోసినదాంట్లో కోటి పౌండ్ల దాకా, అంటే సుమారు 45 లక్షల కిలోలు, కాలిఫోర్నియా ఏళ్ళలో, లోయల్లో కలిసిపోయిందని అక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే అంచనా. అది నేటికీ ఏటి అడుగున రాతినెర్రెల్లో కూచుని ఉంది. బంగారం ఎక్కడ దాక్కుంటుందో పాదరసమూ అక్కడే దాక్కుంటుంది, రెండూ బరువైనవే కాబట్టి. గొట్టం వెళ్ళేది కూడా అక్కడికే.

డ్రెడ్జ్ వాళ్ళు ఒక వాదన చేస్తారు: 'మేము పాదరసాన్ని పట్టి బయటికి తీస్తున్నాం కదా, ఏటికి మేలే కదా' అని. ఆ రాష్ట్ర నీటి బోర్డు సిబ్బంది దీన్ని ఏట్లోనే పరీక్షించి 2005లో నివేదిక ఇచ్చారు. యంత్రం 98 శాతం పాదరసాన్ని పట్టింది. నిజమే. మిగిలిన రెండు శాతం పిండిలా నలిగి, సన్నని ఒండ్రుతో కలిసి కిందికి పోయింది. అలా పోయిన ఒండ్రులో పాదరసం, ప్రమాదకర వ్యర్థం అని రాష్ట్రం గీసిన గీతకు పది రెట్లకు మించి ఉంది. అడుగున ముద్దగా పడి ఉన్న పాదరసం కన్నా నలిగి నీళ్ళలో తేలిన పాదరసం ఎక్కువ దూరం పోతుంది. మడుగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది పురుగులోకి, పురుగునుంచి చిన్న చేపలోకి, చిన్న చేపనుంచి పెద్ద చేపలోకి పెరుగుతూ పోతుంది. చివరికి చేపే అన్నమైన గర్భిణి కంచంలోకి వస్తుంది. కడుపులో బిడ్డ మెదడుకు అది దెబ్బ. నూటికి తొంభై ఎనిమిది మార్కులు వచ్చినా ఫెయిలయ్యే పరీక్షలు ఉంటాయని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

వాళ్ళ వాదనలు

వరద ఇంతకన్నా ఎక్కువ ఇసుక కదుపుతుంది కదా అంటారు. కదుపుతుంది. చేప వేల ఏళ్ళుగా వరద కాలాన్ని ఎరుగును, దానికి తగ్గట్టే తన బతుకును అమర్చుకుంది. యంత్రం వచ్చేది వేసవిలో. నీరు తగ్గి వేడెక్కినప్పుడు చేపలు చల్లటి ఉపనదులు కలిసే మడుగుల దగ్గర తలదాచుకుంటాయి. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంజను మోగుతుంది. వర్షాకాలం మన వాగు పొంగితే తప్పుకుంటాం. ఎండాకాలం చెలమ దగ్గరికొచ్చి ఎవడైనా బురద చేస్తే ఊరుకుంటామా?

అసలు నష్టం చేసింది ఆనకట్టలు, మా మీద పడతారేం అంటారు. ఆనకట్టలు చేసిన నష్టం నిజం. 2002లో క్లామత్ దిగువన వేల వేల సాల్మన్ చేపలు నీరు చాలక, వేడెక్కి, రోగమొచ్చి తేలాయి. అందుకే ఆ ఏటి ఆదివాసులు ఆనకట్టల మీదా పోరాడారు. 2024 నాటికి నాలుగు ఆనకట్టల్ని పడగొట్టించారు. ఆ ఏడాదే శరత్తులో చేపలు ఆ చోట్లు దాటి పైకి ఈదాయి. ఆనకట్ట కట్టడానికి ఊళ్ళు ఖాళీ చేయించడం చూసిన మనకు, ఆదివాసులు చెబితే ఆనకట్ట తీసేశారన్నది నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది. పెద్ద దొంగను పట్టుకునే దాకా చిన్న దొంగను వదలమనేవాడు ఎప్పుడూ చిన్న దొంగే.

మా యంత్రం చిన్నది అంటారు. ఒక యంత్రం చిన్నదే. పర్మిట్లు ఏటా వేలల్లో ఇచ్చారు. చిన్న చిన్నవాటిని కూడి చూడవద్దని ఏ లెక్కల పుస్తకంలో ఉంది?

మాకు చట్టబద్ధమైన హక్కుంది అంటారు. వాళ్ళ ధీమా 1872 నాటి గనుల చట్టం. ప్రభుత్వ భూమిలో ఎవరైనా పౌరుడు ఖనిజం కనుక్కుంటే హక్కు రాసుకోవచ్చు, ప్రభుత్వానికి రాయల్టీ కూడా కట్టనక్కరలేదు. ఆ 'ప్రభుత్వ భూమి' అంతకుముందు ఎవరిదో ఆ చట్టం అడగలేదు.

ఎలా గెలిచారు

కరుక్‌లు రోడ్డు మీద యంత్రాలు తగలబెట్టలేదు. కాగితం పట్టుకున్నారు. క్లామత్‌లో కోహో సాల్మన్ 1997నుంచి ప్రమాదంలో ఉన్న జాతిగా చట్టంలో నమోదై ఉంది. అలాంటి జాతికి హాని జరిగే పనికి అనుమతి ఇచ్చేముందు అటవీశాఖ చేపల నిపుణుల శాఖను సంప్రదించాలి. అటవీశాఖ అలా చేయకుండానే డ్రెడ్జ్ వాళ్ళ నోటీసులకు సరే అంటూ పోయింది. 'మేము అనుమతి ఇవ్వలేదు, ఊరకే అడ్డు చెప్పలేదు' అని శాఖ వాదన. కరుక్‌లు మొదట ఓడారు. మళ్ళీ వెళ్ళారు. 2012 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు విస్తృత ధర్మాసనం అడ్డు చెప్పకపోవడమూ అధికారి చేసిన పనే అని తేల్చింది. ఈ ఒక్క వాక్యం మన యువకులు గోడమీద రాసుకోవలసింది. మన దగ్గర ఎన్ని పనులు 'మా దృష్టికి రాలేదు' అన్న మాట చాటున జరగడం లేదు?

ఇంకోపక్క రాష్ట్ర చట్టసభలో పోరాడారు. 2009 ఆగస్టులో కాలిఫోర్నియా ఈ యంత్రాల్ని తాత్కాలికంగా నిషేధించింది. అప్పుడు కొందరు యంత్రానికి అటూ ఇటూ మార్పులు చేసి, ఇది ఆ యంత్రం కాదు, దీని పేరు వేరు అన్నారు. 2015లో చట్టసభ నిర్వచనాన్నే సరిచేసింది: ఖనిజం కోసం ఏటి అడుగునుంచి సరుకును లాగే మోటారు యంత్రం ఏదైనా అదే. పేరుతో పని లేదు. 2016 ఆగస్టులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, 1872 చట్టం ఉన్నా సరే, ఏటిని కాపాడే రాష్ట్ర నిషేధం చెల్లుతుందని తీర్పిచ్చింది. తర్వాత ఓరెగాన్ 2017లో, వాషింగ్టన్ 2020లో ముఖ్యమైన చేపల ఏళ్ళలో ఈ యంత్రాల్ని ఆపుతూ చట్టాలు చేశాయి.

మోటారు లేకుండా పళ్ళెంతో ఇసుక కడిగి బంగారం ఏరుకోవడాన్ని ఆ నిషేధం తాకలేదు. ఇది మనకు ముఖ్యం. మన దేశంలోనూ సువర్ణరేఖ ఇసుకను చెక్క తట్టలో కడిగి, రోజంతా వంగి, గింజంత రేణువు ఏరుకుని బతికే ఆదివాసులు ఉన్నారు. చేతి తట్టకూ ఇంజను గొట్టానికీ తేడా తెలియని చట్టం పేదవాణ్ణి పట్టుకుని యంత్రాన్ని వదిలేస్తుంది. ఆ తేడా తెలిసిన చట్టమే న్యాయమైనది.

మన ఏరు మాట

మన వాగుల్లో బంగారం గొట్టం పెట్టాలనుకునే తమ్ముళ్ళకు సూటి జవాబు: మన దేశంలో బంగారం ప్రధాన ఖనిజం. 1957 గనుల చట్టం కింద లైసెన్సు లేకుండా వెతకడమూ నేరమే, సరదా అన్న పేరుకు అందులో చోటు లేదు. ఆ వీడియో చూసి డబ్బు పోగొట్టుకోవద్దు.

కానీ మా భయం బంగారం గురించి కాదు. మన ఏట్లో ఉన్న బంగారం ఇసుకే. గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఇసుక యంత్రాలు వచ్చినప్పుడు విన్న మాటలు క్లామత్ ఒడ్డున విన్నవే. చిన్న యంత్రమే అన్నారు. వరదకు మళ్ళీ వస్తుందిలే అన్నారు. తవ్వకం కాదు పూడికతీత అన్నారు. పట్టా భూమిలో మేట తొలగింపు అన్నారు. పేరు మారితే పని మారుతుందా? కాలిఫోర్నియా 2015లో తెలుసుకున్నది మనం ఇంకా తెలుసుకోవలసి ఉంది.

ఇసుక మీద మనవాళ్ళ ఆశను మేము ఎగతాళి చేయం. సొసైటీ పెడితే కూలి దొరుకుతుంది, వాటా వస్తుంది, పిల్ల పెళ్ళికో ఇంటి కప్పుకో పనికొస్తుంది అనుకున్నారు. పారతో ఎత్తి బండికి పోస్తే వచ్చేది కూలి. యంత్రం దిగాక ఊరికి మిగిలింది సంతకం. సొసైటీ పేరు మనది, యంత్రం ఇంకొకరిది, లారీ ఇంకొకరిది, లాభం ఇంకొకరిది, చెలమ ఎండిన ఊరు మాత్రం మనది. వలస దొరల కాలంనుంచి మన పేరు మీద జరిగే బినామీకి ఇది కొత్త బట్ట.

మన చేతిలో కాగితం లేదా? ఉంది. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ఉంది. 1997 నాటి సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 1996 నాటి పెసా చట్టం ఉంది. ఇసుకలాంటి చిన్న ఖనిజాల లీజుకు ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. మూడో సెక్షను నీటివనరుల్లో చేపల మీద మన సామూహిక హక్కును గుర్తిస్తుంది. ఐదో సెక్షను పరీవాహక ప్రాంతాన్ని, నీటివనరుల్ని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇస్తుంది. కరుక్‌ల చేతిలో ఉన్న కాగితం కన్నా మన కాగితం బలమైనది. మనకు లోటు అడిగే నోళ్ళు.

అందుకని కొన్ని పనులు చెబుతున్నాం.

గ్రామసభలో ఇసుక గురించి తీర్మానం వస్తే అడగండి: యంత్రం ఎవరి పేరున కొన్నారు? ఎన్ని యంత్రాలు? ఏ నెలల్లో? ఎంత లోతు? వంతెనకు, తాగునీటి బావికి ఎంత దూరం? జవాబు తీర్మానం పుస్తకంలో రాయించండి. చదివి వినిపించనిదే వేలిముద్ర వేయవద్దని అమ్మలకు, అయ్యలకు చెప్పండి. తీర్మానం నకలు ఊళ్ళో చదువుకున్న ఒక పిల్ల దగ్గర ఉండాలి. ఫోటో తీసి దాచడానికి ఆ ఫోనే పనికొస్తుంది.

పంతుళ్ళు, పంతులమ్మలు వాగును బడిలోకి తేవచ్చు. యంత్రం తిరిగే చోటికి దిగువన, ఎగువన రెండు సీసాల్లో నీళ్ళు పట్టించండి. బురద తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందో పిల్లలతో రాయించండి. తేదీ వేయించండి. వేసవిలో చెలమ ఎన్ని మూరల లోతున తగిలిందో ప్రతి ఏడాదీ కొలిపించండి. మీ వాగులో చేపల పేర్లు కోయ, కొండరెడ్డి, గోండు, కొలామీ, సవర ఏ భాషలో ఉంటే ఆ భాషలో అవ్వలను, తాతలను అడిగి రాయించండి. ఏ చేప ఏ నెలలో ఎక్కడ గుడ్డు పెడుతుందో రాయించండి. పెద్దల నోటిలో ఉన్న ఆ లెక్కను చదువుకున్న పిల్లలు కాగితం మీద పెట్టాలి. పుస్తకంలో లేని చేపకు కోర్టులో హక్కులేదు. మన చేపలు ఇంకా ఏ పుస్తకంలోనూ లేవు.

చివరిగా, ఊళ్ళో చదువుకున్న యువకుల్నే యంత్రాల వాళ్ళు ముందు పిలుస్తారు. సూపర్‌వైజరు అంటారు, మోటారు సైకిలు ఇస్తారు, 'మీ ఊరివాళ్ళకు నువ్వే నచ్చజెప్పు తమ్ముడూ' అంటారు. ఆ తమ్ముడు పరాయివాడు కాదు, మా దగ్గర చదువుకున్నవాడే. ఆ తమ్ముణ్ణి మేము ద్రోహి అనం. నీ పేరున ఉద్యోగపు కాగితం ఇవ్వమను, పీఎఫ్ కట్టమను, ఇసుక అయిపోయిన మరుసటి ఏడాది నీ పని ఏమిటో రాసివ్వమను అంటాం. రాసివ్వనివాడు నీకు ఇచ్చింది ఉద్యోగం కాదు, నీ ఊరి నోరు మూయించినందుకు కూలి.

ఎన్ని అంగుళాల గొట్టం కొనాలన్నది కొనేవాడి ప్రశ్న. ఈ ఏట్లో గొట్టం పెట్టవచ్చా అన్నది ఏరు తాగేవాళ్ళ ప్రశ్న. రెండో ప్రశ్నకు ఊరు జవాబు చెప్పే దాకా మొదటి ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ లేదు. వచ్చే గ్రామసభ తేదీ ఎప్పుడో మీ పంచాయతీ కార్యదర్శిని ఈ వారమే అడగండి.